పనసచెట్టు ఇంటికి నీలం రంగు

మా వాడ మండపంలో తూర్పు గోడకి ఒక పటం వేలాడేది. దాన్ని గీసింది నేనే. ఈ మాట ఒకప్పుడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ పటం ఊసెత్తితే లేచి వంటింట్లోకి పోతాను. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, మోకాళ్ళు మాట వినవు, అయినా ఆ ఒక్క ఊసుకి మాత్రం గబుక్కున లేవగలను.

నా పేరు కెర్తి. మా నాన్న గుడి తెరల మీద బొమ్మలు వేసేవాడు. బాలిలో ఆ పని మగపిల్లలకే నేర్పుతారు గానీ, ఆయనకి కొడుకులు లేక కుంచె నా చేతిలో పెట్టాడు. "నీ చెయ్యి జారదే పిల్లా, అదే నీ అదృష్టం" అనేవాడు. ఆ మాట నా నెత్తికెక్కింది. పెళ్ళయి ఈ వాడకొచ్చాక కుంచె అటకెక్కింది గానీ, ఆ మాట మాత్రం నెత్తి దిగలేదు.

మా ఆయన సుగత అప్పట్లో వాడపెద్ద. ముప్పై అయిదు రోజులకోసారి కొయ్యడోలు మోగితే మగాళ్ళంతా మండపంలో చేరేవాళ్ళు. గుడి పనులు, కాలవ నీళ్ళు, పండక్కి కోసే పందిలో వాటాలు, ఇవన్నీ తేలాక చివర్లో మా ఆయన ఒక్కొక్కడి పేరూ పిలిచేవాడు. పిలిచినవాడు లేచి నిలబడి, పిల్లలు పుట్టకుండా తన పెళ్ళాం ఏం వాడుతోందో చెప్పాలి. నిండు సభలోనే!

"బిళ్ళలు" అనేవాడొకడు. "లూపు" అనేవాడింకొకడు. "ఏమీ లేదు, మళ్ళీ నెల తప్పింది" అన్నాడంటే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఏడిపించేవాళ్ళు. ఆ చప్పట్లు మా వంటిళ్ళ దాకా వినిపించేవి. ఎవరింట్లో ఏమయిందో మాకు అలాగే తెలిసేది. ఆడదాని ఒంటి సంగతి వాడంతటి సంగతీ అన్నమాట. అది నాకు అప్పుడు తప్పనిపించలేదు. అబద్ధమెందుకు, వాడపెద్ద పెళ్ళాన్ని కాబట్టి అందరికంటే ముందు నాకే తెలుస్తోందని మురిసిపోయేదాన్ని కూడా.

ఆ రోజుల్లోనే సుబ్రత అని ఒక సారు కుటుంబ నియంత్రణ ఆఫీసు నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. జావా మనిషి, నవ్వుమొహం. ఒకరోజు పెద్ద అట్టముక్క తెచ్చి మా అరుగు మీద పెట్టాడు.

"అమ్మా, మీ వాడంతా దీని మీద గీయాలి. ఇంటికొక గడి. లూపు వేయించుకున్న ఇంటికి నీలం, బిళ్ళలు మింగే ఇంటికి ఎరుపు, తొడుగులు వాడే ఇంటికి పచ్చ. ఏదీ లేని ఇల్లు తెల్లగా ఉంచేయండి. చదువు రానివాళ్ళు కూడా చూడగానే తెలుసుకోవాలి. అదీ సంగతి."

"గడులేంటి సార్, పెట్టెల్లాగా! ఇళ్ళు ఇళ్ళలాగే వేస్తా, ఉండండి" అన్నాను.

వేశాను. పదకొండు రోజులు వేశాను. ఎవరి వాకిట్లో ఏ చెట్టుందో, ఎవరి పందుల దొడ్డి ఏ మూలనుందో, ఎవరి గేటు మీద కొబ్బరాకు కప్పు వంగిందో, అన్నీ వేశాను. కాపు కాసిన పనసచెట్టుకి కాయలు కూడా వేశాను. సుబ్రత సారు నోరు తెరిచి చూశాడు. ఇలాంటి పటం జిల్లాలో ఇంకెక్కడా లేదన్నాడు. నేను నేల మీద నడిచానా ఆ రోజు!

ఆ పనసచెట్టు ఇల్లు రస్మినిది.

రస్మిని మా పక్కింటి కోడలు. వాళ్ళాయన లానుసూ మా ఆయనా ఒకే వంశం గుడికి మొక్కుకునేవాళ్ళు. వరసకి మేమిద్దరం తోటికోడళ్ళం. నాకంటే మూడేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది గానీ, చనువు మాత్రం నన్నే చెల్లెల్ని చేసినట్టు ఉండేది. గోడ మీద నుంచి చెయ్యి చాపి నా ఉట్టిలోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసుకుపోయేది. "దొంగా!" అని అరిస్తే, "వాడపెద్దకి చెప్పుకో పో" అనేది.

దానికి ముగ్గురూ ఆడపిల్లలే. మూడో కాన్పులో నెత్తురు ఆగక, చాపలో చుట్టి నలుగురు మోసుకెళ్ళారు ఆసుపత్రికి. బతికింది. వచ్చేటప్పుడు అక్కడి నర్సమ్మ నా ముందే దానితో ఒక మాటంది. "అమ్మాయ్, ఇంకోసారి కడుపొస్తే నేను చెప్పలేను. నీ గర్భసంచి పాత గుడ్డలా అయిపోయింది."

ఇదొకటయితే, దాని మామగారి సంగతి ఇంకొకటి. ఆయన అంతకు ముందేడే పోయాడు. పోయినవాళ్ళు తిరిగి మన ఇంట్లోనే పుడతారు కదా. అత్తగారు రింతెన్ అవ్వ సోదె చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగితే, ఆయన పూని పలికాడట. "వస్తాను. చిన్నోడి ఇంట్లో నాలుగోవాడిగా వస్తాను. తలుపు తీసి ఉంచండి" అన్నాడట. ఇక చూసుకోండి! అవ్వ పొద్దున్నే దేవుడికి పెట్టే అన్నంతోపాటు చిన్న గ్లాసుడు కాఫీ కూడా పెట్టడం మొదలెట్టింది. మొగుడికి కాఫీ అంటే ప్రాణం.

"పుట్టిన వరసని బట్టి పెట్టే పేర్లు నాలుగున్నాయి మనకి. వయాన్, మదె, న్యోమన్, కెతుత్. మూడు పిలిచి ఊరుకుంటే నాలుగోవాడు ఎక్కడికి పోతాడే పాపం, వానలో నిలబడతాడా?" అనేది. ఆ అన్న తీరు చూస్తే ఎవరికైనా గుండె నీరయిపోతుంది. గయ్యాళిది కాదు రింతెన్ అవ్వ. కోడలికి తన పళ్ళెంలో చేప ముక్క తీసి పెట్టేది. గయ్యాళిదయితే రస్మిని ఎదురు తిరిగేదేమో. అంత ప్రేమగా అడిగేదానికి కాదని చెప్పడం ఎవరి తరం?

రస్మిని మొగుడితో ఒకసారి నర్సమ్మ మాట చెప్పి చూసిందట. "ఆ, వాళ్ళు అందరికీ అదే చెప్తారు. పిల్లలు వద్దనిపించడమేగా వాళ్ళ ఉద్యోగం" అని కొట్టిపారేశాడు లానుస్.

ఒక పొద్దున రస్మిని గోడ దగ్గరికొచ్చింది. చెయ్యి ఉట్టి వైపు పోలేదు.

"అక్కా, నాకు తోడొస్తావా?"

"ఎక్కడికే?"

"లూపు వేయించుకుంటాను. నాకు చచ్చిపోవాలని లేదక్కా."

పంది దాణా కొనాలని చెప్పి ఇద్దరం సంతకి బయల్దేరాం. ఆసుపత్రి వరండాలో బల్ల మీద గంటన్నర కూర్చున్నాం. అది నా వేళ్ళు పట్టుకుని కూర్చుంది, ఎంత గట్టిగానంటే ఉంగరం గుచ్చుకుని ఎర్రగా గుర్తు పడింది. లోపలికి పిలిచినప్పుడు లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఒట్టెయ్యి. బావగారికి కూడా చెప్పనని."

"ఒట్టు."

"అలా కాదు. మన వంశం గుడి మీద ఒట్టెయ్యి."

"వేశానే తల్లీ! మన గుడి మీద ఒట్టు. పో లోపలికి."

వచ్చేటప్పుడు నిజంగానే దాణా కొన్నాం. బస్తా నేను నెత్తికెత్తుకున్నాను, దాన్ని ఎత్తనివ్వలేదు. ఆ దాణా బస్తా ఒక్కటే నేను దానికి చేసిన మేలు. మండపంలో లానుస్ ప్రతిసారీ లేచి "ఏమీ లేదు" అనేవాడు. పటం మీద పనసచెట్టు ఇల్లు తెల్లగా ఉండేది. రింతెన్ అవ్వ కాఫీ పెడుతూ ఉండేది. ఏడాదిన్నర అలా గడిచిపోయింది. రస్మిని కాస్త ఒళ్ళు చేసింది, మళ్ళీ నా వేరుశనక్కాయల జోలికొచ్చింది.

ఇంతలో ఆఫీసు వాళ్ళు పోటీ పెట్టారు. ఏ వాడ పటంలో తెల్ల ఇళ్ళు తక్కువుంటే ఆ వాడకి మైకు సెట్టు బహుమతి. రెండు బాకాలు, ఒక పెట్టె. అవతలి వాడకీ మాకూ మధ్య హోరాహోరీగా ఉంది. బహుమతికి వారం ముందు సుబ్రత సారు మొహం ముడుచుకుని వచ్చాడు.

"చిక్కొచ్చి పడిందమ్మా. ఆసుపత్రి పుస్తకంలో మీ వాడ నుంచి నీలం వాళ్ళు ముప్పై ఒక్క మంది. మీ పటంలో ముప్పై ఇళ్ళే. పటం తప్పని పైవాళ్ళు అంటే బహుమతి అవతలి వాడకి పోతుంది."

"ఎవరో పుస్తకంలో రాయలేదా సార్?" అన్నాను.

"పేర్లు నా దగ్గర లేవు. ఎవరయితే నాకెందుకు, లెక్క కలిస్తే చాలు. బొమ్మలు బాగానే వేశారు గానీ, పటానికి కావలసింది నిజం కదమ్మా."

ఆ చివరి మాట నాకు మండింది. నా పటం తప్పా! పదకొండు రోజులు కూర్చుని వేసిన పటం! అవతలి వాడ పటం నేను చూశాను, కోడి గెలికినట్టుంది. దానికి బహుమతా?

చెయ్యడానికి ఎన్ని దారులు లేవు! పక్క వీధిలో ఖాళీ పడ్డ ఇల్లుంది, దానికి నీలం పూస్తే అడిగేవాడు లేడు. ముప్పై ఏళ్ళ నుంచి విధవగా ఉన్న ముసలమ్మ ఇల్లుంది. అసలేమీ చేయకుండా, పోతే పోనీ మైకు అనుకోవచ్చు. ఇవేవీ నాకు తట్టలేదని చెప్పను. తట్టాయి. కానీ పటం నిజంగా ఉండాలన్నాడే సారు, నిజంగా ఉండాలని పట్టుదల పట్టింది నాకు. మగాళ్ళెవరూ పటం వైపు చూడరు, పేర్ల పట్టీ వింటారంతే. ఆడవాళ్ళం మీటింగులకి పోము. ఎవరు చూస్తారులే అనుకున్నాను. సారు వెళ్ళాక మండపానికి పోయి, పనసచెట్టు ఇంటికి నీలం పూశాను. అంచులు దాటకుండా, ఒక్క చుక్క చెట్టు మీద పడకుండా చక్కగా పూశాను.

బహుమతి మాకే వచ్చింది.

కొత్త వస్తువు ఇంటికొస్తే దానికి పూజ చెయ్యకుండా వాడతామా? మైకు సెట్టుకి నైవేద్యాలు పెట్టాలి. ఆ బుద్ధి నాకు ముందే ఉండొద్దూ! నైవేద్యాల పళ్ళేలు పేర్చేది ఆడవాళ్ళు. పేర్చేది మండపంలో. మా వాడలో ఆ పనిలో అందరికంటే పనిమంతురాలు రింతెన్ అవ్వ.

పొద్దున ఎనిమిదింటికి అవ్వ తూర్పు గోడ కింద కూర్చుని కొబ్బరాకు మడుస్తోంది. రస్మిని బియ్యప్పిండి అప్పాల పళ్ళెం పట్టుకుని నిలబడింది. మగాళ్ళు ఒక పక్క, మేమొక పక్క. సుబ్రత సారు కొత్త మైకులో ఊదాడు, "ఒకటి, రెండు" అన్నాడు, కోళ్ళు చెదిరిపోయాయి. అందరూ నవ్వారు. ఆ హుషారులో ఆయన పటం దగ్గరికొచ్చాడు.

"ఈ బహుమతి తెచ్చింది ఈ పటమే. గీసింది మీ వాడపెద్ద గారి భార్య. ఒక్క అక్షరం రానివాళ్ళు కూడా చదవొచ్చు. అవ్వా, మీరు రండి. మీ ఇల్లేదో చూపించండి చూద్దాం."

రింతెన్ అవ్వ సిగ్గుపడుతూ లేచింది. కళ్ళు చిట్లించి గోడకి దగ్గరగా వెళ్ళింది. నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను.

"ఇదిగో! మా పనసచెట్టు. అబ్బ, కాయలు కూడా పెట్టిందే కెర్తి!" అంది మురిసిపోతూ. వేలు చెట్టు మీంచి ఇంటి మీదికి జారింది. "ఇదేంటి, నీలం పూసి ఉంది? మాకే రంగూ లేదుగా."

"నీలమంటే లూపు అవ్వా. మంచిదేగా!" అన్నాడు సారు మైకులో.

మగాళ్ళల్లో ఎవరో ఈల వేశారు. "ఒరే లానుస్, నువ్వు ఏమీ లేదంటావు, ఇంట్లో ఉందటగా! ఇంట్లో ఏముందో కూడా తెలీదట్రా నీకు?" అని ఒకడు. గొల్లుమని నవ్వు. లానుస్ మొహం నల్లబడిపోయింది.

అవ్వ నవ్వలేదు. కోడలి వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. ఆ ముసలి కళ్ళల్లో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. ఎక్కడో ఏదో పొరపాటయిందని ఎవరైనా చెబితే చాలు, నమ్మేయడానికి సిద్ధంగా ఉంది.

"కెర్తీ, నువ్వేగా పూసింది? చెయ్యి జారిందా అమ్మా?"

ఔనంటే అయిపోయేది. ఔనవ్వా, చెయ్యి జారింది, పక్కింటికి పూయబోయి మీ ఇంటికి పూశాను అంటే, అందరూ ఇంకోసారి నవ్వి అప్పాలు తినేవాళ్ళు. అబద్ధం కూడా నేను వెతుక్కోనక్కర్లేదు, ఆవిడే తెచ్చి నా నోట్లో పెట్టింది.

నేనేమన్నానో తెలుసా?

"నా చెయ్యి ఎప్పుడూ జారదవ్వా" అన్నాను.

సారు పక్కనున్నాడు. మైకు పక్కనుంది. నాన్న మాట నెత్తి మీదుంది. ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక గానీ దాని అర్థం నాకే తెలియలేదు. ఛీ, ఏం బతుకు నాది! రస్మిని నా వైపు చూసింది. చేతిలో అప్పాల పళ్ళెం జాగ్రత్తగా కింద పెట్టి, తలగుడ్డ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు లానుస్ దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి లూపు తీయించేశాడు. వాళ్ళు మా గేటు ముందు నుంచే వెళ్ళారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. పరిగెత్తి వెళ్ళి, "లానుస్, దీన్ని చంపుకుంటావా? నర్సమ్మ మాట నిజం, నా చెవులతో విన్నాను" అని అడ్డం పడాల్సింది. వాడపెద్ద పెళ్ళాన్ని, నలుగురూ వినే మాట నాది. కానీ అడ్డం పడితే ఒట్టు తప్పిన సంగతి బయటపడుతుంది. ఇదంతా ముందే తెలిసీ దాచానని మా ఆయనకి తెలుస్తుంది. దాని కళ్ళల్లోకి చూడాల్సి వస్తుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు చాటునే దాక్కున్నాను. ఒక మనిషి ప్రాణం కంటే నా మొహం దాచుకోవడం నాకు ముఖ్యమయింది.

ఆ తర్వాత గోడ మీద నుంచి చెయ్యి రాలేదు. వేరుశనక్కాయలు ఉట్టిలో అలాగే మెత్తబడిపోయేవి. దారిలో ఎదురైతే "బాగున్నారా అక్కా" అని పక్కకి తప్పుకునేది. అయిదో నెలలో పొట్ట కనిపించింది. రింతెన్ అవ్వ కోడలి కాళ్ళకి నూనె రాస్తూ అరుగు మీద కూర్చునేది. తొమ్మిదో నెల నిండకముందే నెత్తురు పోయింది. మళ్ళీ చాప, మళ్ళీ నలుగురు. ఈసారి కాలవ దాటకముందే వెనక్కి తిప్పుకొచ్చారు. ఆ బిడ్డ కూడా దక్కలేదు. మగబిడ్డేనట.

పదమూడో రోజో ఎన్నో రోజో, రింతెన్ అవ్వ మా ఇంటికొచ్చింది. మెట్టు మీద కూర్చుంది. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది.

"నర్సమ్మ కనిపించింది. రెండేళ్ళ కిందటే చెప్పిందట కదా, నాలుగోది వద్దని. నువ్వు తోడెళ్ళావట కదా."

నేను కాఫీ గ్లాసు మళ్ళీ ఆవిడ దగ్గరికి జరిపాను.

"నాకొక్క ముక్క చెప్తే ఏం పోయేదే? నా మొగుణ్ణి ఇంకో గుమ్మానికి పొమ్మని చెప్పుకునేదాన్ని. ఆయన నా మాట వినేవాడే. పెద్దోడి ఇంట్లో పుట్టేవాడు." మళ్ళీ తనే అంది, "దానికి నేనంటే అంత భయమా? నువ్వయినా చెప్పొద్దూ."

తిడితే బాగుండేది. రెండు చెంపలూ వాయిస్తే ఇంకా బాగుండేది. చల్లారిన కాఫీ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ గ్లాసు పెట్టడం మానేశారు.

పటం ఇంకా కొన్నేళ్ళుంది. చెదలు పట్టాక తీసేశారు. కుంచె నేను మళ్ళీ పట్టలేదు. గుడివాళ్ళు తెర వేయమని అడిగితే కళ్ళు మసకలన్నాను.

ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నా మనవరాలు సెరుని వల్ల. నా కొడుకు కూతురు. అది పుట్టిన మూడో నెలలో, ఆనవాయితీ ప్రకారం, ఎవరు తిరిగొచ్చారో అడగడానికి సోదె చెప్పే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ కళ్ళు మూసుకుని ఊగి, "నెత్తురు పోయి పోయినదాన్ని. మీ పక్కింటిదాన్ని. నాకు వేరుశనక్కాయలు పెట్టండి" అంది.

వాడంతా వచ్చి నన్ను మెచ్చుకుంది. "ఎంత ప్రేమే రస్మినికి నీ మీద! నీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది చూడు" అన్నారు. నేను తల వంచుకుని అందరికీ కాఫీలిచ్చాను. పసిది నా వేలు పట్టుకుంటే వదిలేది కాదు. అది పట్టుకున్నప్పుడల్లా నాకు ఆసుపత్రి బల్ల గుర్తొచ్చి, మెల్లిగా వేలు లాక్కునేదాన్ని. మా కోడలు చాలాసార్లు చూసింది. "అత్తయ్యకి ఆడపిల్లంటే పడదు" అని పుట్టింట్లో చెప్పుకుందట. చెప్పుకోనీ అని ఊరుకున్నాను.

సెరునికి ఇప్పుడు ఇరవై ఆరు. ఈ వాడలోనే ఇచ్చాం. ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ కోతే. వాళ్ళత్త వర్తిని మంచిదే, కానీ ఈమధ్య కొత్త పాట ఎత్తుకుంది. ఒకప్పుడు ఇద్దరు చాలని మా వెంటపడ్డ ఆఫీసువాళ్ళే ఇప్పుడు నలుగుర్ని కనమంటున్నారు కదా, మూడో పేరూ నాలుగో పేరూ పెట్టించుకునే పిల్లలే కరువైపోయారని. అందుకని వర్తినికి కెతుత్ కావాలి.

మొన్న సెరుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"నానమ్మా, రేపు నాతో ఆసుపత్రికొస్తావా? డాక్టరమ్మ నాలుగేళ్ళ దాకా ఇంకో కాన్పు మాటెత్తొద్దంది. మా ఆయనకి చెప్పాను, సరే అన్నాడు. అత్తకి మాత్రం ఇప్పుడే తెలియకూడదు. నువ్వెవరికీ చెప్పవుగా?"

"మీ అమ్మని తీసుకెళ్ళవే" అన్నాను.

"అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నువ్వే రా. నువ్వయితే చెప్పవు."

నేనయితే చెప్పనట!

స్కూటర్ మీద వెళ్ళాం. ఆసుపత్రి మారిపోయింది, టైల్సు, ఫ్యాన్లు. బల్ల బదులు ప్లాస్టిక్ కుర్చీలు. అది నా వేళ్ళు పట్టుకుని కూర్చుని, రెండో చేత్తో ఫోను చూసుకుంటోంది. ఈసారి నేను వేలు లాక్కోలేదు. ఒట్టు వెయ్యమని అది అడగలేదు. అడిగితే ఏమయ్యేదాన్నో.

తిరిగొచ్చేటప్పుడు సందు మొదట్లోనే వర్తిని, చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"పొద్దున్నే నానమ్మా మనవరాలూ ఎక్కడికెళ్ళారు? ఆసుపత్రి వైపు నుంచి వస్తున్నారని మావాడన్నాడు. ఏంటి సంగతి?" అంది. కళ్ళు సెరుని మీదున్నాయి.

"నా మోకాళ్ళే తల్లీ. రాత్రంతా ఒకటే పోట్లు. దీన్ని లాక్కుని పోయాను" అన్నాను. "డాక్టరేమో సూది అంటాడు. నేనొద్దన్నాను."

"అయ్యో పిన్నీ, అల్లం దంచి కట్టు వేసుకోకపోయారా! సాయంత్రం పంపిస్తానుండండి" అని, చీపురు పట్టుకుని లోపలికి పోయింది.

అంతే. అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, నా నోరు తడబడలేదు.

సెరుని నన్ను మా మెట్టు మీద దింపి, పగలబడి నవ్వింది. "అమ్మో నానమ్మా, ఎంత సులువుగా ఆడావే అబద్ధం! నేనయితే దొరికిపోయేదాన్ని."

నేను అక్కడే కూర్చుండిపోయాను. రింతెన్ అవ్వ కూర్చున్న మెట్టే. నలభై అయిదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, ఆ రోజు నిండు సభలో ఏ మనిషికైనా నోరు పెగలదని, అంత అబద్ధం అప్పటికప్పుడు ఎవరూ ఆడలేరని. ఇంత చిన్నదా అది? మోకాళ్ళ నొప్పంతా లేదే!

"ఔనవ్వా, చెయ్యి జారింది" అన్నాను పైకే.

సెరుని హెల్మెట్ తీస్తూ, "ఎవరితో మాట్లాడుతున్నావు నానమ్మా?" అంది. గోడ పక్కనున్న నా డబ్బా మూత తీసి, గుప్పెడు వేరుశనక్కాయలు తీసుకుని, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను తలెత్తలేకపోయాను.